పేరు రాయని సీసాలు

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు అనుమానం. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకుంటాను. ఎనభైల మొదట్లో, మల్కాపురం తాలింఖానాలో బరువులెత్తే రోజుల్లో ఆ జబ్బు ముదిరి నా పక్కన ఎత్తేవాడి మీద పడింది.

వాడు చుట్టం కాదు, కానీ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. వాళ్ళ నాన్నా మా నాన్నా రేవులో మూటలు మోసేవారు. పొద్దున్నే ఇనుప కడ్డీ కళ్ళకద్దుకుని నేను ఆంజనేయుడి పటానికి దండం పెడితే, బావ సిలువ గుర్తు వేసుకునేవాడు. ఇద్దరిదీ ఒకటే బరువు తరగతి. ఆ ఏడు ఒక పెద్ద ఆఫీసులో ఆటల కోటా కింద మా తరగతికి ఉద్యోగం పడిందని తెలిసింది. ఒక్కటే. వస్తే గుమాస్తా కుర్చీ, రాకపోతే మా నాన్న మోసిన మూటలే.

మూడు నెలల్లో బావ ఎత్తే బరువు పదిహేను కిలోలు పెంచాడు. మెడ దున్నపోతు మెడలా తయారైంది. వీపు నిండా మొటిమలు. నా వీపు మీదా ఉన్నాయి గానీ, అవి ఎండకి వచ్చినవనుకున్నాను.

"ఏటి తింతన్నావు బావా?" అనడిగాను.

"ఏటుంది బావా? ఉలవలు, గుడ్లు, మాయమ్మొండిన సేపలు," అన్నాడు నా వైపు చూడకుండా.

ఓహో! చేపలకే ఇంత బలమొస్తే జాలరిపేటలో ఇంటికో పతకం వేలాడాలి.

సోమవారాలు వాడు పనుందని ముందే వెళ్ళిపోయేవాడు. ఒక సోమవారం వెంటపడ్డాను. వన్ టౌన్ సందులన్నీ తిరిగి, తాలింఖానాలో మాకు బరువులు నేర్పే మాస్టారింటి మెట్లెక్కాడు. సందు మలుపులోనే ఆగిపోయాను. ఎందుకంటే గురువారాలు ఆ మెట్లు ఎక్కేది నేను.

మాస్టారు నాకూ సూది వేసేవారు. "బలం సూది. నీ ఒక్కడికే. ఎవరితోనూ అనకు," అనేవారు. మా వైపు సూదంటే ఎంత నమ్మకమంటే, జ్వరానికి మాత్రతో సరిపెట్టినవాణ్ణి డాక్టరే కాదంటారు. అది ఏం మందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే మానేయాలి కదా! ఆ రోజు మాస్టారి మీద కాదు, బావ మీదే ఒళ్ళు మండింది. దొంగ, నాకు చెప్పలేదు చూడు అనుకున్నాను. నేనూ వాడికి చెప్పలేదన్నది తోచనే లేదు.

ఎంపిక రోజు పొద్దున మైదానానికి వెళ్ళేసరికి బల్ల మీద గాజు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. "ముందు అందరూ ఒంటేలు పట్టివ్వండి. మందు వాడినవాడికి జన్మలో ఆట ఉండదు," అని ఒక అధికారి గట్టిగా అరిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అయినా జబ్బు జబ్బే, కళ్ళు సీసాల మీదికే పోయాయి. దగ్గరికెళ్ళి చూస్తే కడిగిన దగ్గుమందు సీసాలు. పేరు లేదు, నంబరు లేదు. నింపినవన్నీ ఒకే బుట్టలో పడేస్తున్నారు. ఎవరిది ఎవరిదో దేవుడికే తెలియాలి. ఇది పరీక్ష కాదు, ఉత్త బెదిరింపు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడే బావ నన్ను గోడ వెనక్కి లాక్కెళ్ళాడు. చేతిలో ఖాళీ సీసా.

"బావా, మాస్టారు నాకేటో సూదులేసీనారు. దొరికిపోతాను. నీకే మందూ అలవాట్లేదు. నీది కొంచెం ఇందులో పోసియ్యి బావా. నీ కాళ్ళట్టుకుంతాను," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

సీసాల మీద పేర్లు లేవురా అంటే చాలు. నాకూ వేశారురా అన్నా చాలు. ఉద్యోగం ఒక్కటే. నా నోట్లోంచి వచ్చింది ఇదీ:

"ఛీ! దొంగపని నాను సెయ్యను బావా. నువ్విలాటోడివనుకోనేదు."

వాడు తల దించుకున్నాడు. నడుం పట్టేసిందని అధికారికి చెప్పి, సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు. నేను నా సీసా నింపి బుట్టలో పడేసి, వెళ్ళి బరువెత్తాను. సాయంత్రం ఆ సీసాలన్నీ గోడవతల వంపేయడం కళ్ళారా చూశాను. ఉద్యోగం నాకొచ్చింది.

ఆ తర్వాత మందు వాడి దొరికినవాళ్ళ వార్త పేపర్లో ఎప్పుడొచ్చినా వదలకుండా చదివేవాణ్ణి. ఏ ఊరిదైనా ఒకటే తీరు. బరువెత్తినవాడి పేరుంటుంది, సూది వేసినవాడి పేరుండదు. పక్కనుండి నోరు మూసుకున్నవాడి ఊసైతే అసలే ఉండదు.

బావ రేవులో మూటలకే పోయాడు. కొన్నేళ్ళకి పెళ్ళి చేసుకుని, భార్యని తీసుకుని మా ఇంటికొచ్చాడు. నన్ను చూపిస్తూ ఆమెతో అన్నాడు: "ఈ బావని సూడు. ఆ రోజు నానెంత బతిమాలినా దొంగపని సెయ్యనన్నాడు. మనిసంటే ఇలాగుండాల."

ఎగతాళేమోనని వాడి మొహం వెతికాను. కళ్ళు, పెదాలు, అన్నీ వెతికాను. లేదు, మనస్ఫూర్తిగానే అంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

"టీ తాగుతావా బావా?" అన్నాను.