ఆ మాటకి వన్స్ మోర్

నా చిన్నప్పుడు మా కనకాలపేటలో పెద్దవాళ్లు కడుపు పట్టుకుని నవ్వగా నేను చూసింది ఏడాదికి ఒక్కసారే, క్రిస్మస్ ముందు వారంలో, చర్చి ఆవరణలో. మిగతా రోజుల్లో వాళ్లకు అంత తీరిక ఉండేది కాదు. చేలల్లోంచి వచ్చేసరికి పొద్దు వాలిపోయేది. ఆ ఒక్క సాయంత్రం మాత్రం పిల్లల పాటలూ పాస్టరుగారి ప్రార్థనా అయిపోయాక అందరి కళ్లూ మా తాతయ్య కోసం వెతికేవి.

మా తాతయ్య అంటే మా అమ్మకు నాన్న. కామందుల పొలాల్లో కూలికి వెళ్లేవాడు. మామూలుగా మాటలు తక్కువ. వేషం వేస్తే మాత్రం వేరే మనిషి. తెల్ల పంచె కట్టి, భుజాన కండువా వేసి, కళ్లు సగం మూసి, ముక్కు ఎగబీలుస్తూ కామందుగా వచ్చేవాడు. మా మావయ్య పాలేరు. కథ చిన్నదే. కామందు కాలవగట్టున నడుస్తూ జారి ఊబిలో పడతాడు. పాలేరు పరుగెత్తుకొచ్చి చెయ్యి అందిస్తాడు. తాకొద్దని అరుస్తాడు కామందు. తాడు వేస్తానంటే, నువ్వు పట్టుకున్న తాడూ మైలే అంటాడు. వెదురుగడ అందిస్తానంటే, పచ్చి వెదురులోంచి మైల పాకుతుంది, ఎండు వెదురులోంచి పాకదు, వెళ్లి ఎండింది వెతుక్కురా అంటాడు. మొలలోతు, ఛాతీలోతు, మెడలోతు దిగబడిపోతూ కూడా ధర్మసూక్ష్మాలు చెబుతూనే ఉంటాడు. మాటమాటకీ పాలేరును కులం పెట్టి తిడతాడు. ఆ తిట్టు నేనిక్కడ రాయను. మావాళ్లు పుట్టిన దగ్గర్నుంచి వింటున్న మాటే అది.

చర్చి ఆవరణలో ఆ మాట వినపడినప్పుడల్లా నవ్వు రెట్టింపయ్యేది. పొద్దున చేలో ఆ మాట పడినవాళ్లే, సాయంత్రం ఆ మాట అన్నవాడు బురదలో మునిగిపోతుంటే చూసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులో ఏముందో నాకప్పుడు తెలియదు. ఇళ్లకు నడిచి వెళ్లేటప్పుడు మా పేటవాళ్ల వీపులు కాస్త నిటారుగా ఉండేవని మాత్రం గుర్తు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడాది, ఊళ్లో యువజన సంఘం పెట్టుకున్న కుర్రాళ్లలో ఒకాయన ఆ ఆట చూశాడు. చదువుకున్నవాడు, మంచివాడు. మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగాడు. అలా తాగే ఊరివాళ్లు ఆ రోజుల్లో తక్కువ.

"మీలో మీరు ఆడుకుంటే ఏం లాభం తాతా? ఊళ్లో ఆడాలి, వాళ్ల ఎదురుగా ఆడాలి. అద్దంలో మొహం చూసుకున్నట్టు ఉండాలి వాళ్లకి" అన్నాడు.

తాతయ్య చాలాసేపు తటపటాయించాడు. మావయ్యకు మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చింది. వాళ్లకి సిగ్గు తెప్పించే అవకాశం మళ్లీ రాదన్నాడు. చివరికి తాతయ్య సరేనన్నాడు.

సంఘం వార్షికోత్సవం నాడు ఊళ్లో స్టేజీ కట్టారు. దీపాలు పెట్టే వేళకు ముందు వరస కుర్చీలన్నీ నిండిపోయాయి. మా తాతయ్య పనిచేసే పొలం కామందుగారు కూడా వచ్చారు. మేము ఒక పక్కన చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఆట మొదలయింది. మొదటి తిట్టుకే జనం గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. రెండోసారి ఇంకా పెద్దగా నవ్వారు. కుర్చీల్లోంచి ఎవరో, నాటకాల్లో పద్యం బాగుంటే అరిచినట్టు, "వన్స్ మోర్!" అని కేక వేశారు.

తాతయ్య ఆగిపోయాడు. వాళ్లు అడుగుతున్నది ఆ తిట్టును. ఈలలు మొదలయ్యాయి. తెర పక్కనుంచి సంఘం కుర్రాడు సంబరంగా, "అను తాతా, అడుగుతున్నారు" అంటున్నాడు. తాతయ్య ఎదురుగా కొడుకు చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. తాతయ్య వాడి మొహం చూసి, కళ్లు దించుకుని, ఆ మాట మళ్లీ అన్నాడు. పందిరి ఎగిరిపోయేట్టు నవ్వారు. చాచిన మావయ్య చెయ్యి నెమ్మదిగా కిందికి దిగిపోయింది. పక్కకు తిరిగి చూస్తే అమ్మ నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నన్ను దగ్గరికి లాక్కుంది. మా చాపల మీద ఎవరూ నవ్వడం లేదు.

మా చర్చిలో అందరికంటే పెద్ద నవ్వు కామందు గొంతుదాకా మునిగినప్పుడు వచ్చేది. ఇక్కడ ఆ ఘట్టం వచ్చేసరికి నవ్వు పలచబడింది. కొందరు లేచి వెళ్లిపోవడం కూడా మొదలుపెట్టారు. అంతా అయ్యాక కామందుగారు స్టేజీ ఎక్కి తాతయ్యకు శాలువా కప్పి, భుజం తట్టారు.

"భలే కట్టావురా! ఆ మాట మేమంటే కేసు. నువ్వంటే చప్పట్లు" అన్నారు.

తాతయ్య "ఆయ్" అని చేతులు జోడించాడు. ఇంకేమనగలడు? మర్నాడు పనికి వెళ్లాల్సింది ఆయన పొలంలోకే.

మర్నాడు బడిలో నీళ్ల కుండ దగ్గర నా పక్కన కూర్చునే పిల్ల, రోజూ జామకాయ సగం కొరికి నాకిచ్చే పిల్ల, నేను గ్లాసు అందుకోబోతుంటే ముక్కు ఎగబీల్చి, కళ్లు సగం మూసి, "తాకకే! ఎండు వెదురు తెచ్చుకో" అంది. తర్వాత ఆ మాట కూడా అంది. అచ్చం తాతయ్య గొంతుతో. చుట్టూ పిల్లలు విరగబడి నవ్వారు. నా కళ్లల్లో నీళ్లు చూసి అది కంగారుపడిపోయింది. "ఏడుస్తావేంటే? మీ తాతే అన్నాడుగా!" అంది. దానికి నిజంగానే తెలియదు. ఆ మాట అంతకుముందు దాని చెవిన పడి ఉండకపోవచ్చు. మా తాతయ్య దగ్గరే నేర్చుకుంది.

ఇంటికొచ్చేసరికి తాతయ్య గుమ్మం ముందు చేపలు తోముతున్నాడు. జరిగింది చెప్పాను. చేతిలో చేపను గిన్నెలో పెట్టేశాడు. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, "పద అమ్మా, ఆ పిల్ల ఇల్లు చూపించు" అన్నాడు. గొడవ పెడతాడేమోనని నాకు భయం వేసింది.

ఆ ఇంటి అరుగు కింద నిలబడి పిల్లను పిలిచాడు. అది వాళ్లమ్మ వెనకాల నక్కింది. తాతయ్య దాని ఎత్తుకు వంగాడు.

"నిన్న ఒక మాట నా నోట్లోంచి నీ నోట్లోకొచ్చేసింది తల్లీ. మంచి మాట కాదది. నీ తప్పేం లేదు. నాకిచ్చెయ్యి, నేను పట్టుకెళ్లిపోతాను" అన్నాడు.

పిల్ల బావురుమంది. వాళ్లమ్మ నొచ్చుకుంటూ, "ఏదో నవ్వులాటకి అంది పెద్దాయనా, దీనికోసం ఇంత దూరం రావాలా? నిన్న మీ ఆటకి మేమెంత నవ్వుకున్నామో" అంది. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. తెచ్చి, గ్లాసు అరుగు చివర పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆమెలో ఏ కోపమూ లేదు, ఏ చిన్నచూపూ లేదు. చెయ్యి అలవాటు చొప్పున చేసింది, అంతే. నిన్న ఎవరిని చూసి అంత నవ్వుకుందో ఆమెకు తట్టనే లేదు. తాతయ్య గ్లాసు అందుకుని నీళ్లు తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. దారిలో నా చెయ్యి వదల్లేదు.

మావయ్య ఊరుకోలేదు. పక్క ఊళ్లవాళ్లు కూడా ఆట అడుగుతున్నారని, ఆపేస్తే భయపడ్డామనుకుంటారని వాదించాడు. "మా బళ్లో పనిచేసి దిగిపోయిన ముసలి మేష్టారు తలెత్తలేదు నాన్నా, నేను చూశాను. ఆయనకి తగిలింది. ఒక్కడికి తగిలినా మనం ఆడింది ఊరికే పోలేదు కదా" అన్నాడు.

తాతయ్య నావైపు చూపించి, "ఆ ఒక్కడి సిగ్గు కోసం దీన్ని తొయ్యాలా ముందుకి? మనం తిట్టుని ఎక్కిరించామనుకున్నాం రా. ఆళ్లు తిట్టునే ఇన్నారు. మనమే గొంతిచ్చాం దానికి" అన్నాడు.

"నవ్వటం కూడా మానేత్తే మనకింకేటి మిగుల్తాది?" అన్నాడు మావయ్య. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో నేను ఇప్పటిదాకా తేల్చుకోలేకపోయాను.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది. పిల్లల పాటలయ్యాక అందరూ తాతయ్యను బతిమాలారు. ఇక్కడున్నది మనవాళ్లే కదా అన్నారు. తాతయ్య పంచె కట్టుకుని వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు. మొదటి తిట్టు దగ్గర ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, గొంతు రాలేదు. అందరూ కాసేపు అది కూడా ఆటలో భాగమనుకుని నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆపేశారు. పాస్టరుగారు లేచి పాట ఎత్తుకున్నారు. మా పేటలో అంత నవ్వు మళ్లీ నేను వినలేదు. ఊరివాళ్లు చప్పట్లు కొట్టి, మాకంటూ ఉన్న ఆ ఒక్క నవ్వునూ పట్టుకెళ్లిపోయారనిపిస్తుంది.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. బడి వార్షికోత్సవాల్లో పిల్లలు హాస్యనాటిక వేస్తే స్టేజీ పక్కన నిలబడేదాన్ని కాదు, జనం మధ్యలో నిలబడేదాన్ని. ఏ మాటకు నవ్వు లేస్తోందో, ఆ నవ్వులో ఎవరు కలవడం లేదో చూసేదాన్ని. రెండుసార్లు నాటికలు మధ్యలో ఆపించి, తోటి టీచర్ల చేత చాదస్తురాలిననిపించుకున్నాను కూడా.

ఈమధ్య పాండిచ్చేరిలో చదువుతున్న మా మనవరాలు ఫోన్లో ఒక వీడియో పంపింది. అందులో అది స్టేజీ మీద మైకు పట్టుకుని, తన కులం మీద తనే జోకులు వేస్తోంది. ఎంత ధైర్యం! ఎంత చక్కగా మాట్లాడుతోంది! నేను మొదటిసారి దాన్ని చూశాను. రెండోసారి కళ్లు మూసుకుని, నవ్వుల్ని మాత్రమే విన్నాను. సాయంత్రం ఫోన్ చేసి, "ఎలా ఉంది అమ్మమ్మా?" అని అడిగింది.

బాగుందన్నాను. మానెయ్యమని చెప్పలేదు. మానెయ్యమనే హక్కు నాకు లేదు. "అక్కడ మనవాళ్ల పిల్లలు ఎవరైనా ఉన్నారా? వాళ్లు నవ్వారా?" అని మాత్రం అడిగాను.

"లైట్లు మొహం మీద ఉంటాయి అమ్మమ్మా, ఎవరూ కనపడరు" అంది. మళ్లీ తనే, "ఎందుకలా అడిగావు?" అంది.

తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేశాను. అప్పటినుంచీ అది కొత్త వీడియో పంపినప్పుడల్లా చూస్తున్నాను. జనం నవ్వగానే, ఎవరైనా ఇంకోసారి అనమని కేక వేస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చుంటాను.