గ్యాస్ట్రోఎంటరాలజీకి దారి

కువైట్‌లో ఉన్న మనవాళ్లలో సగం మందికి పొడుగాటి ఇంగ్లీషు మాటలు పలకడం నేర్పింది నేనే. ఇలా చాలాచోట్ల చెప్పుకున్నాను. ఈ వయసులో అంత బరువు మోయలేను, కొంచెం దించుతాను: నేర్పింది ఒక్కడికి, ఒక్క మాట.

ఎనభైల మొదట్లో కువైట్‌లోని అర్దియా పేటలో ఒక గ్యారేజీలో స్పేర్‌పార్టుల గుమాస్తాను. గది రిగ్గైలో. కడప వైపు నుంచి వచ్చిన ఒకాయన సల్వాలో ఒక ఇంటి డ్రైవరు. ఆయన భార్య అదే ఇంట్లో పనిమనిషి. ఒక సాయంత్రం ఆయన నా గదికి వచ్చాడు. భార్యకు కడుపునొప్పి ముదిరితే, వాళ్లు మామా అని పిలిచే యజమానురాలు ఆసుపత్రిలో చేర్పించిందట. పొద్దున్నే ఆపరేషను. ఆ ఇంటి పిల్లల్ని బడి దగ్గర దించాక, ఆపరేషనుకు ముందు ఒక్కసారి చూసి రావడానికి ఒప్పుకుంది. అంత పెద్ద ఆసుపత్రిలో ఆమె ఎక్కడుందో అడగాలంటే విభాగం పేరు నోటికి రావాలి. మామా పెద్దకొడుకు దాన్ని సిగరెట్ పెట్టె మీద ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఆ పెట్టె చూపిస్తే చాలునన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. నాకు వచ్చినా చెప్పేవాణ్ణి కాదేమో.

చెంచాతో పళ్లెం మీద కొట్టి చూపించాను. గ్యాస్, ట్రో, ఎన్, ట, రా, ల, జీ. మనం అన్ని అక్షరాలనూ ఒకే తూకంతో పలుకుతాం. ఇంగ్లీషు మాట ఒక్కచోట ఒరుగుతుంది. చివర లజీ ఉంటే బరువు దాని ముందు అక్షరం మీద పడుతుందని, బయాలజీ అయినా ఇదైనా అంతేనని చెప్పి, 'రా' దగ్గర గట్టిగా కొట్టాను. తర్వాత మాటను విప్పాను. గ్యాస్ట్రో కడుపు, ఎంటర పేగు, లజీ శాస్త్రం. బోగీకి బోగీ తగిలించిన రైలు.

ఆయన చాలాసేపు పెదాలు కదిలించాడు.

"కడుపూ పేగులూ శాస్త్రమూ అన్నీ ఉండాయి గదన్నా. దీంట్లో నా పెండ్లాం యాడుందో చెప్పు," అన్నాడు.

నేను మళ్లీ చెంచా ఎత్తాను.

మర్నాడు ఆపరేషనుకు ముందే ఆమెను చూడగలిగాడని తెలిసింది. తర్వాత ఏళ్లపాటు ఆ కథకు నేను డాక్టర్లను చేరుస్తూ పోయాను. ఆయన ఆ మాట పలికిన తీరుకు ఒక తెల్ల డాక్టరు ఆగిపోయి, స్వయంగా చేయిపట్టి తీసుకెళ్లాడన్నాను. ఆ వేళ నేనున్నది అర్దియాలో, బ్రేకు సామాను మధ్య.

ఒక శుక్రవారం ఆ దంపతులు మా గదికి భోజనానికి వచ్చారు. ఊరి నుంచి కొత్తగా దిగినవాళ్లకు నేను ఈ కథే చెబుతుంటే ఆయన తలవంచుకుని తింటున్నాడు. ఆమె వినీ వినీ గిన్నె కింద పెట్టింది.

"ఆయప్ప ఆ మాట ఎవురితోనూ అన్లేదన్నా. లోపలికి పోతానే మర్సిపోయినాడు. నా పేరు పెట్టి అరుస్తా వరండాలన్నీ తిరిగినాడు. స్ట్రెచర్ మింద నుంచి నేనే చెయ్యెత్తినా."