సాలు మధ్యలో ఆగిన గొర్రు

మొన్న మా మనవరాలు తన కంప్యూటరులో అడ్డంగా పరిచిన రంగురంగుల పట్టీలు చూపించి, దీన్ని ప్రాజెక్టు మేనేజ్‌మెంటు అంటారు తాతా, పెద్ద చదువు, నీకు తెలియదులే అని నవ్వేసరికి నాకు కాస్త ఒళ్లు మండింది. తెలియకపోవడమేమిటి! కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధానిగా ఉండి, ఆఫీసులన్నీ డేరాల్లో నడుస్తూ, గుమాస్తాలు ఒక చేత్తో ఫైళ్లూ ఇంకో చేత్తో డేరా గుంజలూ పట్టుకుని గాలికి నిలబడిన ఆ రోజుల్లోనే నేను ఆ పట్టీలు గీశాను. రంగు పెన్సిళ్లతో, ఇంత పొడుగు కాగితం మీద.

మద్రాసులో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాక, పనులు ఏ వరసలో ఎవరిచేత ఎన్నాళ్లలో చేయించాలో నేర్పే పైచదువులో చేరాను. ఆ చదువుకు పరీక్ష హాలులో ఉండదు, ఎండలో ఉంటుంది. మా ప్రొఫెసరు తలా ఒక పని అప్పగించి, పని పూర్తయితేనే పట్టా అన్నారు. నా అదృష్టమో దురదృష్టమో గాని, నాకు పడింది కోడుమూరు అవతల మా అక్కనిచ్చిన ఊరి చెరువుకట్ట. అంతకు ముందు ఎప్పుడో వరదకు ఆ కట్ట తెగి పడ్డ గండిని వానలకు ముందే పూడ్చాలి. పూడ్చడం మొదలుపెట్టి సగంలో ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. గండి బార్లా తెరిచి ఉంటే నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పోతాయి. అవే నీళ్లు సగం కట్టిన పచ్చిమన్ను వెనక నిలిచి ఒక్కసారి తెంచుకుంటే మాత్రం, కట్ట కిందనే ఉన్న చిన్న పల్లె ఇళ్లతో సహా కొట్టుకుపోతుంది.

ప్రొఫెసరు నేర్పినట్టే నేను చార్టులో వానకని కొన్ని రోజులు విడిగా ఉంచాను. ఆ కాగితం చూసి మా బావా, పని చేయించే మేస్త్రీ కలిసి నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వరసగా కరువులు చూసిన మనుషులు! "వానకు దినాలు ఎత్తిపెట్టేదేందప్పా? ఈ సీమలో దాని కోసం మనం కాసుకోనుండాల గానీ, అది మన కోసం యాడొస్తాది?" అన్నాడు బావ. ఆ రోజులు రాతికట్టుకు ఇచ్చేయమన్నారు. ఊరంతా వాన కోసం మొక్కుతుంది, అది నిజంగా వస్తుందని మాత్రం ఒక్కరూ నమ్మరు. వాళ్ల నేల, వాళ్ల ఆకాశం, నాకేం తెలుసని సరేనన్నాను. దాంతో గండి పూడ్చే మట్టిపని వెనక్కి, వానల ముంగిటికి జరిగిపోయింది.

వాన రోహిణి కార్తెలోనే వచ్చింది. మధ్యాహ్నం పట్టి పొద్దుగూకే దాకా కురిసింది. ఆడవాళ్లు చూరు కింద బిందెలు పెట్టి నవ్వుతున్నారు, ముసలివాళ్లు వీధిలో నిలబడి తడుస్తున్నారు, ఊరంతా పండగ. నాకు మాత్రం సగం పూడిన గండి తప్ప ఇంకేమీ కనిపించలేదు. మర్నాడు కట్ట మీదికి వెళితే మనిషి జాడ లేదు. ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, నాలుగు రోజులు నిలిస్తే గొప్ప, ఆలోగా విత్తనం పడకపోతే ఏడాది తిండి పోయినట్టే, అందుకని అందరూ చేలల్లో ఉన్నారు. వాళ్లను ఏమనగలను? సగం గండి వెనక ఎర్రనీళ్లు నిలిచి ఉన్నాయి, పైన కొండల మీద మళ్లీ మబ్బు కమ్ముతోంది.

పరుగెత్తుకుంటూ బావ చేనికి పోయాను. ఎద్దులు విత్తే గొర్రు లాగుతున్నాయి, వెనక మా అక్క దాని గొట్టాల్లో కొర్రలు వదులుతోంది. అలుగు ఎత్తుకు కట్ట లేస్తే చాలు, మిగులు నీళ్లు అలుగు మీదుగా పోతాయి, లేకపోతే కింది పల్లె దక్కదు అని ఒగరుస్తూ చెప్పాను. బావ ఆకాశం చూశాడు, నేల చూశాడు, నవ్వలేదు. సాలు మధ్యలోనే గొర్రు ఆపి ఎద్దుల్ని విప్పాడు. మా అక్క భగ్గుమంది. "మన చేను మెట్ట గదా! ఆ చెరువు నీళ్లు మనకొక చుక్క పారతాయా? మనమేం తినాల?" అని ఏడ్చింది. బావ ఒకటే అన్నాడు. "వాన రాదని నవ్వినోన్ని నేనే గదే. ఆ పల్లెలో పిల్లోళ్లుండారు."

మట్టి తోలడానికి ఆ ఎద్దుల్ని బండికి కట్టి ఊరి నడివీధిలోంచి కట్టకు తోలుకుపోయాడు. పదునులో ఎద్దుల్ని చేనిలోంచి తెచ్చిన మనిషిని ఆ ఊరు అంతవరకు చూడలేదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఇంటికొకరు విత్తడానికి ఉండిపోయి, ఇంటికొకరు తట్టతో కట్టమీదికి వచ్చారు. బావ ఇంట్లో ఉన్నదే ఇద్దరు, ఇద్దరూ వచ్చారు. కళ్లు తుడుచుకుంటూనే మా అక్క అందరికన్నా ఎక్కువ మట్టి మోసింది. కట్ట అలుగు ఎత్తుకు లేచిందో లేదో, రెండో వాన దిగింది. నీళ్లు అంగుళమంగుళం పైకెక్కుతుంటే నేను పచ్చిమన్ను మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను, అది కదులుతుందేమోనని. చివరికి అలుగు పారింది. కట్ట నిలిచింది.

తర్వాత ఎండ కాసింది, కాని పచ్చికట్ట గట్టిపడేదాకా బావ ఎద్దులు దాని మీదికే మట్టి తోలాయి. బావ గొర్రు కట్టేసరికి పదును ఆరిపోయింది, మళ్లీ అదనుకు వాన పడలేదు. చెరువు కింద అందరి మళ్లూ పచ్చగా పండిన ఆ ఏడు, బావ చేను సగం సాలు దగ్గర్నుంచి బీడుగా ఉండిపోయింది. నాకు పట్టా వచ్చింది, నా రిపోర్టులో వానకు రోజులు ఉంచాలని రాసిన భాగాన్ని ప్రొఫెసరు మెచ్చుకున్నారు కూడా. ఆ ఏడాది పొడుగునా మా అక్క ఎవరింటి గింజలతో పొయ్యి వెలిగించిందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ చెరువు నిండా కంపచెట్లు. ఎవరి బోరు వాళ్లది, ఎవరి పంట వాళ్లది, ఇంకొకరి మడి కోసం తన ఎద్దుల్ని విప్పవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఒకందుకు మంచిదేనేమో. బావ పోయి చాలా ఏళ్లయింది. నేను ఉద్యోగం నుంచి సెలవు మీద వెళ్లినప్పుడల్లా మా ఇంజనీరొచ్చినాడని ఊరికంతా చెప్పుకుని మురిసిపోయేవాడే గాని, ఆ చేని మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఒక్కసారి, కోపంగానైనా సరే, ఎత్తి ఉంటే బాగుండేది.