పక్క గదిలో అడుగు

తికమక తాతయ్య చేతికి ఏ వస్తువిచ్చినా తప్పకుండా తిరిగొస్తుంది. అందులో అనుమానం అక్కర్లేదు. కాకపోతే మీకు రాదు. పక్క గదివాళ్ళకి వస్తుంది, లేదా పై అంతస్తువాళ్ళకి, ఆయనకి మరీ మనసు పుట్టిందా, ఆ వస్తువు ఎందుకు పనికొస్తుందో కూడా తెలియనివాళ్ళకి వస్తుంది. మీరు వెళ్ళి నిలదీస్తే నుదురు రుద్దుకుంటాడు. పైకప్పు కేసి చూస్తాడు. "పక్క గదిలో అడిగి చూడు," అంటాడు. మీరు అటు తిరిగేలోగా మీ ఇంకో వస్తువు ఆయన చంకలో చేరి ఉంటుంది.

ఆయన ఉండేది పాత నూలు మిల్లులో. మిల్లు ఎప్పుడో మూతపడింది. దాంతో ఎదురు వీధికీ మూత పడింది. సగం దుకాణాలకి షట్టర్లు దిగాయి, మిగతా సగం ఎవరైనా రాకపోతారా అని తెరిచి కూర్చున్నాయి. ఏళ్ళ తరబడి పావురాలే కాపురమున్న ఆ మిల్లుని ఒక సంఘంవాళ్ళు తీసుకుని, ముప్ఫై రెండు గదులుగా విడగొట్టి, చేతిపని తప్ప చేతిలో ఇంకేమీ లేని కళాకారులకి చవగ్గా ఇవ్వడం మొదలుపెట్టారు. రంగుల వాసనకీ సుత్తి మోతకీ ఇంటివాళ్ళు వెళ్ళగొట్టిన వాళ్ళందరూ అక్కడ చేరారు. తాతయ్యని మాత్రం ఎవరూ చేర్చలేదు. మెట్ల కింద గదిలో ముందునుంచీ ఉన్నాడు. భవనం అప్పజెప్పినప్పుడు కిటికీలతో పాటు ఆయనా వచ్చేశాడు. తాళంచెవులు చూసుకోమని సంఘంవాళ్ళు పని అప్పగించారు. ఎంత ధైర్యమో చూడండి!

బొమ్మలమ్మాయి పదిహేడో గదికి వచ్చింది. అమ్మాయంటే చిన్నపిల్లేం కాదు, ముప్ఫై దాటింది. కాగితం గుజ్జుతో మనిషంత బొమ్మలు చేస్తుంది. వేళ్ళలో ఉన్న చురుకులో వందో వంతు నోట్లో లేదు. అంతకుముందు ఒకసారి తన బొమ్మల్ని నలుగురి ముందు పెడితే, ఒక పెద్దమనిషి కడుపు పట్టుకుని నవ్వాడు. అవి నవ్వించే బొమ్మలు కావు. ఆ రోజు నుంచి ఆమె పని చేయడం మానలేదు గానీ, చూపించడం మానేసింది. ఈ గది ఆమెకి నచ్చడానికి కారణం వెలుతురూ కాదు, గాలీ కాదు, గట్టి తలుపు.

కానీ గదికో షరతుంది. ఆరు నెలలకోసారి 'తలుపులు తెరిచే రోజు' అని పెడతారు. ఆ రోజు ప్రతివాళ్ళూ తలుపు బార్లా తెరిచి, చేసిన పని వీధివాళ్ళకి చూపించాలి. చూపించకపోతే గది వరసలో ఉన్న తర్వాతి వాళ్ళకి పోతుంది. ఆరు నెలలంటే బోలెడనుకుని సంతకం పెట్టేసింది.

చేరిన మొదటి రోజే తాతయ్య వచ్చాడు.

"అమ్మాయ్, కత్తెరుందా?"

ఉన్న ఒక్క మంచి కత్తెరా ఇచ్చింది. సాయంత్రం దాకా చూసి, కిందికి వెళ్ళి, గొంతు పెగల్చుకుని అడిగింది.

"కత్తెరా?" తాతయ్య పైకప్పు కేసి చూశాడు. "ఇచ్చేశానే!"

"నాకు ఇవ్వలేదండీ."

"నీకే ఇవ్వాలని ఎక్కడుంది? పక్క గదిలో అడిగి చూడు."

పక్క గదిలో కుండలు చేసే ఆవిడ ఉంటుంది. మోచేతుల దాకా మట్టి, నోరు విప్పితే వరద. "నీదా తల్లీ కత్తెర! మట్టి కోసుకోమని ఇచ్చిపోయాడు. మట్టిని ఎవరైనా కత్తెరతో కోస్తారా? కూర్చో, టీ తాగి పో," అని పీట వేసింది. బొమ్మలమ్మాయి అయిదు నిమిషాలకని కూర్చుంది. లేచేసరికి ఆవిడ ముగ్గురు ఆడపడుచుల కథా పూర్తయింది.

మర్నాడు తలుపు దబదబా మోగింది. ఎదురుగా గుమ్మమంత మనిషి. తుక్కు ఇనుముతో శిల్పాలు చేసే ఆయన. అందరూ ఇనుపాయన అంటారు.

"నా సుత్తి మీ దగ్గరుందటగా?"

"నా దగ్గర సుత్తి ఎందుకుంటుందండీ?"

ఇద్దరూ వెతికితే కాగితాల దొంతర మీద నిక్షేపంగా కూర్చుని ఉంది. ఎప్పుడు పెట్టాడో ఆ మహానుభావుడు! వెళ్ళబోతూ ఇనుపాయన ఆమె బొమ్మ నడుం కేసి చూసి, "లోపల కర్ర పెట్టారా? వంగిపోతుంది. కడ్డీ పెట్టిస్తాను ఉండండి," అన్నాడు. ఆమె వద్దనేలోపే కడ్డీ వచ్చింది.

ఇక చూసుకోండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తాతయ్య వస్తువుల్ని తిప్పాడు. ఉలి నేతవాళ్ళ దగ్గర, దారపుకండె చెక్కపనివాళ్ళ దగ్గర, కుండలావిడ జల్లెడ ఇనుపాయన దగ్గర. ఒళ్ళుమండి ఇనుపాయన తన సామానంతటి మీదా ఎర్ర రంగుతో గది నంబరు వేశాడు. పన్నెండు. తాతయ్య పట్టకారు తీసుకుని, దానిమీది నంబరు కళ్ళజోడు సర్దుకుని మరీ చదివాడు. "పన్నెండు! భలే చేశావోయ్, ఇక పొరపాటు రాదు," అని మెచ్చుకుని, తిన్నగా ఇరవై ఒకటో గదిలో ఇచ్చి వచ్చాడు.

"ఈయన్ని తాళంచెవులకి పెట్టినవాళ్ళని అనాలి," అని కుండలావిడ రోజూ తిట్టేది. ఆ తిట్లు వినడానికి ఆవిడ గదిలో రోజూ నలుగురు చేరేవాళ్ళు. బొమ్మలమ్మాయి కూడా ఓ మూల కూర్చుని, అయిదో నెల వచ్చేసరికి తనూ రెండు తిట్టడం నేర్చుకుంది.

అంతా బాగానే ఉంది గానీ బొమ్మకి ముఖం కుదరలేదు. ఒక పెద్దావిడ బొమ్మ అది. కూర్చుని ఎవరికోసమో దారి చూస్తున్నట్టు ఉంటుంది. ఒళ్ళు పూర్తయింది, చేతులు పూర్తయ్యాయి. గుమ్మడికాయంత తల మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. చేయడం, చెరపడం. చేయడం, చెరపడం. ఎలా చేసినా ఆ పెద్దమనిషి నవ్వే వినపడుతోంది. రేపు తలుపులు తెరిచే రోజనగా, ఆమె మెట్లు దిగి వెళ్ళి తాతయ్యతో, "గది ఖాళీ చేస్తానండీ. రేపు నేను తలుపు తీయను," అంది.

ఆయన నుదురు రుద్దుకోలేదు. పైకప్పు కేసీ చూడలేదు. "ఎక్కడికెళ్తావు?" అన్నాడు.

"తెలీదు. కానీ తీయలేను తాతయ్యా. నా వల్ల కాదు." కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ గది ఆమెకి ఎంత ముద్దో అప్పుడే తెలిసింది. కుండలావిడ టీ లేకుండా సాయంత్రం ఎలా గడుస్తుందో ఆమెకి అంతుపట్టలేదు.

"సరే, సామాను సర్దుకో," అన్నాడాయన. అంతే. ఓదార్పు మాటైనా అనలేదు. ముసలాయన మనసు రాయి అనుకుంటూ ఆమె పైకెళ్ళిపోయింది.

పొద్దున్నే బకెట్టుతో నీళ్ళకి వెళ్ళి, కొళాయి దగ్గర రెండు గంటలు వరసలో నిలబడి వచ్చేసరికి బల్ల మీద తల లేదు.

బకెట్టు అక్కడే పడేసి కిందికి పరిగెత్తింది. "తాతయ్యా! నా తల ఏదీ?"

"భుజాల మీదే ఉందిగా!"

"బొమ్మ తల!"

"ఓ, అదా." ఇప్పుడు చూశాడు పైకప్పు కేసి. "ఎదురు వీధిలో టైలరుకి ఇచ్చినట్టున్నానే."

టైలరుకెందుకు తల! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆరు నెలల్లో ఆమె ఆ వీధిలో ఏ దుకాణం గడపా తొక్కలేదు. వీధివాళ్ళూ మిల్లు గేటు దాటి ఎరగరు. లోపల ఉన్నవాళ్ళకి కాస్త పిచ్చని వాళ్ళ నమ్మకం. అయినా సగం జీవితం పోసి చేసిన తలని వదులుకుంటుందా? వెళ్ళింది.

"తల ఉందాండీ?" అని టైలరుని అడిగింది. ఆయన కత్తిరింపు ఆపి ఎగాదిగా చూశాడు.

"ఆ పెద్దావిడ తలా? మంగలి షాపుకి పంపానమ్మా. అన్నట్టు మెడ కొలతకి ఈ శాలువా కుట్టాను. అచ్చం మా మేనత్తే. మెడకి చలి తగిలితే ఆవిడకి పడేది కాదు."

మంగలి షాపులో తల లేదు. "జుట్టు అతికించి కళ్ళజోళ్ళ షాపుకి పంపాను. కాస్త నెరిసినట్టు కలిపాను, బావుంటుంది. మా పెద్దమ్మ జుట్టు అలాగే ఉండేది. ఇంతకీ ఒళ్ళెక్కడుందమ్మా? నిలబడి ఉంటుందా, కూర్చునా?"

"కూర్చుని."

"చేతులెక్కడ పెట్టుకుంటుంది?" టైలరు వెనకాలే వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఒళ్ళో ఒకటి, ఇంకోటి ఇలా కుర్చీ చేతి మీద..." అని చూపించబోయి, తిరిగి చూస్తే ఆమె చుట్టూ పదిమంది. గడ్డానికి సబ్బు నురగతో ఉన్న మనిషి కూడా కుర్చీలోంచి లేచి వచ్చాడు.

కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళేసరికి పదిమంది ఇరవైమంది అయ్యారు. తల అక్కడ అద్దాల బల్ల మీద ఉంది. గుండ్రటి కళ్ళజోడు, నెరిసిన జుట్టు, చెవులకి ఫ్యాన్సీ షాపువాళ్ళ రాళ్ళ దుద్దులు. షాపాయన కళ్ళజోడు ఇంకొంచెం కిందికి జరిపి, "ఇప్పుడు చూడండి," అన్నాడు.

చూసింది. ఆరు నెలలుగా వంకరనుకున్న మూతి వంకరగా లేదు. కళ్ళజోడు మీదనుంచి ఎవరి దారో చూస్తున్న ముసలావిడ మూతి అలాగే ఉంటుంది.

"మా అత్తగారే," అన్నారు వెనకనుంచి. "కాదు, మా అమ్మమ్మ," అని ఇంకొకరు. ఎవరి దారి చూస్తోంది, ఎందుకు చూస్తోంది, కోపంగా ఉందా బెంగగా ఉందా అని తలో మాటా మొదలుపెట్టారు. నవ్వినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. బొమ్మలమ్మాయికి చిరాకు నషాళానికెక్కింది.

"అబ్బబ్బ! చెబితే అర్థమయ్యేది కాదు. వచ్చి చూడండి!"

ఆ మాట అన్నాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. అప్పటికే టైలరు తల అందుకుని ముందు నడిచాడు.

సంఘం కార్యదర్శి గారు గదులు చూసుకుంటూ పదిహేడో గది దగ్గరికి వచ్చేసరికి లోపలికి వెళ్ళే సందు లేదు. మెట్ల దాకా జనం. "ఈ గది ఎవరిదండీ? ఖాళీ చేస్తున్నారని విన్నాను," అని కేకేశారు. జనం మధ్యలోంచి ఒక చెయ్యి లేచింది.

"నాదేనండీ. ఖాళీ చేయడం లేదు. లోపలికి రండి," అంది బొమ్మలమ్మాయి.

సాయంత్రం జనం పలచబడ్డాక మంగలి ఆమె గదిలోనే స్టూలు మీద కూర్చుని చల్లగా చెప్పాడు. "తికమక తాతయ్యా? ఎవరు పెట్టారమ్మా ఆ పేరు? మిల్లులో నేను పదేళ్ళు చేశాను. పనిముట్ల గది ఆయనదే. ఎనిమిది వందలమంది పనివాళ్ళం. నా పానా ఒక్కరోజు పక్కవాడి చేతికి వెళ్ళలేదు. చీకట్లో పిడి తడిమి ఎవరిదో చెప్పేవాడు."

బొమ్మలమ్మాయి చటుక్కున లేచింది. నాలుగేసి మెట్లు దిగుతూ వెళ్ళింది. తాతయ్య గదిలో తీరిగ్గా తాళంచెవులకి నూనె రాస్తున్నాడు.

"తాతయ్యా, మీకు అన్నీ గుర్తుంటాయట!"

"ఎవడు కూశాడు? ఆ మంగలేనా?" అని కసురుకుని, పట్టుబడ్డ దొంగలా తల దించుకున్నాడు. కాస్సేపటికి తనే చెప్పాడు. "గుర్తుంటే ఏం లాభం అమ్మాయ్? ఎవరిది వాళ్ళకే అందించాను ఇన్నేళ్ళూ. ఒక్కడికీ పక్కవాడి దగ్గరికి వెళ్ళే పని పెట్టలేదు. మిల్లు మూసిన రోజు అందరూ గేటు దగ్గర నిలబడ్డారు. పక్కపక్కనే పదేళ్ళు పనిచేసినవాళ్ళు. ఒకడిల్లు ఎక్కడో ఇంకొకడికి తెలీదు. అలాగే ఎటువాళ్ళటు పోయారు. అప్పుడనిపించింది, నా పని మరీ శుభ్రంగా చేశానని."

 ఈ మనిషినా రాయి అనుకుంది!

"అయితే ఇవాళ టైలరూ మంగలీ అంతా..."

"తెల్లవారకముందే చెప్పి ఉంచాను. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి పంపండర్రా, ఆమెకి మాత్రం తొందరగా ఇవ్వకండి అని. కళ్ళజోడూ శాలువా వాళ్ళ సొంత తెలివి. 'వచ్చి చూడండి' అన్నావు చూడు, అది పూర్తిగా నీది. నేనంత ఆశ పెట్టుకోలేదు. నువ్వు తల ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి, లోపల గడియ వేసుకుంటావనుకున్నాను. అందుకే నువ్వు వీధిలో తిరుగుతుంటే పైకెళ్ళి నీ తలుపుకున్న గడియ ఊడబీకేశాను."

"గడియా! ఏదీ?"

తాతయ్య నుదురు రుద్దుకున్నాడు. "పక్క గదిలో అడిగి చూడు."

ఆమె పకపకా నవ్వింది. ఆ మిల్లులో ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

"ఉండనీయండి తాతయ్యా. ఆవిడ దగ్గరే ఉండనీయండి," అని, కుండలావిడ టీకి పిలుస్తుంటే పైకెళ్ళిపోయింది.