తల గుడియాత్తంలో ఉంది: ఒక గోల్‌కీపర్ మాస్కు కోసం వేలూరు ప్రయాణం

మా తమ్ముడు మురళి మంచు హాకీలో గోల్‌కీపరు. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు "హాకీనా, గడ్డి మీద ఆడేదేనా?" అంటారు. కాదు, మంచు మీద అంటాను. ఇక అక్కడితో మాట ఆగిపోతుంది. మాది చిత్తూరు. నాన్నకు కెనడాలో కాగితం మిల్లులో ఉద్యోగమొచ్చి మమ్మల్నందర్నీ తీసుకెళ్ళినప్పుడు వాడికి ఐదేళ్ళు. ఆ ఊళ్ళో పిల్లలు గడ్డకట్టిన చెరువు మీద ఆడేవాళ్ళు. గోలు ముందు నిలబడి దెబ్బలు తినడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, కొత్తగా వచ్చిన మావాణ్ణి నిలబెట్టారు. అలా మొదలైంది ఈ పిచ్చి. నేను చదువయ్యాక బెంగళూరొచ్చి ఉద్యోగంలో పడ్డాను. వాడు మాత్రం ఆ గోలు ముందు నుంచి కదల్లేదు.

అక్కడి పెద్ద లీగులో ప్రతి ఏడూ ఒక తంతు జరుగుతుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను జట్లు ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి ఎంచుకుంటాయి. పిలిచినవాణ్ణి వేదిక ఎక్కించి, జట్టు చొక్కా తొడిగి, తల మీద టోపీ పెడతారు. మురళి ఆ ఏడు ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. చివరి పేరు దాకా కూర్చున్నాడు. వాడి పేరు ఎవరూ పిలవలేదు. మరుసటి ఏడూ అంతే. అలా మిగిలిపోయిన గోల్‌కీపరుకు ఒకటే దారి. ఎవడికో జ్వరమొస్తేనో, కాలు విరిగితేనో ఆ సందులో దూరాలి. కాలేజీ జట్టులో మూడోవాడు, తర్వాత రాత్రంతా బస్సుల్లో తిరిగే చిన్న ఊళ్ళ జట్లు, తర్వాత స్లొవేకియా, నార్వే. గోల్‌కీపర్లు తలంతా కప్పుకునే మాస్కుకు జట్టు రంగులు వేయించుకుంటే ఏడాదికే చెరిపేయాలి కదా అని వాడి మాస్కు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. 

ఈ ఏడు వాడికి ఇరవై ఎనిమిది. ఒక పెద్ద జట్టు సెప్టెంబరులో శిబిరానికి రమ్మంది. ఒప్పందం లేదు, మాట ఇవ్వలేదు, వచ్చి ఆడి చూపించమంది. ఇల్లలకగానే పండగ కాదని వాడికీ తెలుసు. ఇది పోతే ఇంకోటి రాదనీ తెలుసు. దానికి ముందు నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఈసారి మాస్కు మీద అవ్వ చెప్పే గంగమ్మను వేయించు" అన్నాడు. మా అవ్వ పుట్టిల్లు గుడియాత్తం. అక్కడ జాతరలో అమ్మవారి శిరసును ఊరేగించి తెచ్చి ఒంటి మీద పెడతారు. తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట ఉండి కలిసే పండగ. మాకు అన్నం తినిపిస్తూ అవ్వ ఆ కథే చెప్పేది.

లారీల వెనక అమ్మవారి మొహాలు బ్రహ్మాండంగా వేసే దాము అనే పెయింటరు వేలూరులో ఉన్నాడని తెలిసి, అటు వెళ్తున్న మా ఆఫీసు డ్రైవరు చేతికిచ్చి మాస్కు పంపాను. గీతలు పడకుండా ఇంట్లో ఉన్న పసుపు గుడ్డలో చుట్టాను. "తల జాగ్రత్తని చెప్పు" అని నవ్వుతూ అన్నాను కూడా. నేను చేసిన పని ఇంతే.

ఆగస్టు చివర్లో ఒక శనివారం మాస్కు తెచ్చుకోవడానికి బయల్దేరాం. సోమవారం వాడి విమానం. ఆ మాస్కు వాడి తలకు అచ్చు తీసి చేసింది, ఇంకోటి చేయించాలంటే నెలలు పడుతుంది. బంతి బదులు ఎముకలు విరిచే వేగంతో వచ్చే రబ్బరు బిళ్ళ ముందు ఎవరిదో వదులు మాస్కు పెట్టుకుని నిలబడితే ఆట కాదు కదా, మనిషే మిగలడు. బెంగళూరులో పొద్దున ఆరు దాటాక రైలెక్కితే తొమ్మిదిన్నర ప్రాంతానికి కాట్పాడి. కూర్చునే సీటు నూట యాభై లోపే. అక్కడి నుంచి వేలూరు పాత బస్టాండుకు టౌను బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. నేను తొందరపడి ఆటో ఎక్కి మూడింతలు పెట్టాను, మీరు ఎక్కకండి.

మనవాళ్ళు వేలూరు వచ్చేది పెద్దాసుపత్రికే కాబట్టి, అక్కడ తెలుగు మాట్లాడితే ముందడిగేది ఏ వార్డు అని. మురళి గుండు చేయించుకున్నాడు, కనుబొమ్మ మీద పాత కుట్లున్నాయి. ఆటో ఆయన అద్దంలో చూసి, "ఎన్నమ్మా, తలకా ఆపరేషను?" అని జాలిగా అడిగాడు. "తల కోసమే వచ్చినాం" అన్నాడు మురళి.  మేం దిగేటప్పుడు ఆటో ఆయన, బాగవుతాది పోండి అన్నాడు.

దాము కొట్టు బస్టాండు వెనక సందులో. నంబరు ప్లేట్లు, పార్టీ బోర్డులు ఆరబెట్టి ఉన్నాయి. మాస్కు లేదు.

"మొగమంతా నేనే ఏసినాను మేడం" అన్నాడు దాము. "కండ్లు మాత్రం నేను దిద్దను. మా పెదనాయన మునెయ్య దిద్దాల. గుడియాత్తం పంపిచ్చేసినాను."

"నాకొక మాట చెప్పొద్దా?"

"పసుపు గుడ్డలో చుట్టి పంపినారు. తల జాగర్త అని చెప్పి పంపినారు. అమ్మోరి మొక్కు తల అనుకుంటిమి మేడం. మొక్కు తలకి ఫోను చేసి అడగరు కదా."

నాకు ఒళ్ళు మండింది. మురళి మాత్రం నవ్వుతున్నాడు. దారిలో ఆంబూరు బిరియాని ఎక్కడ బాగుంటుందని అడిగాడు. దాము బ్రష్షు పక్కన పెట్టాడు. "ఈ పొద్దు నీసు ముట్టొద్దప్పా. తల నీదేనంటే మాత్రం ముట్టొద్దు" అన్నాడు.

వేలూరు నుంచి గుడియాత్తానికి పళ్ళికొండ మీదుగా గంటా గంటంబావు, టికెట్టు నలభై లోపే. ఎడమవైపు కూర్చోకండి, ఎండంతా మీ మీదే. పళ్ళికొండలో బస్సు ఆగితే టీ తాగాం. కొట్టాయన తెలుగాయనే. యాడికి పోతుండారని అడిగితే మునెయ్య ఇంటికన్నాను. ఆయన టీ డబ్బులు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో అప్పుడు ఆలోచించలేదు. బిరియాని వాసనలు వస్తున్నా మురళి తల తిప్పలేదు, అదొక వింత.

మిట్ట మధ్యాహ్నం గుడియాత్తంలో దిగాం. మునెయ్య ఇల్లు లుంగీలు నేసేవాళ్ళ వీధిలో చివరిది. అన్నాల వేళ, మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. రెండు వైపులా తలుపులన్నీ వేసి ఉన్నాయి. ఆ ఎండలో మా చెప్పుల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. గడప దగ్గర ఒక ముసలామె వేపాకు దూస్తూ కూర్చుంది, మునెయ్య భార్య కుప్పమ్మ. మేం ఎవరమో చెప్పడానికి నోరు తెరిచే లోపలే ఆమె లోపలికి తిరిగి మామూలు గొంతుతో, "ఒళ్ళు వచ్చినాది" అంది.

లోపల ఎత్తు పీట మీద మా మాస్కు. నుదుటి మీద రూపాయంత కుంకుమ బొట్టు, ఎర్రటి చెంపలు, మూతి దగ్గర కోరలు. ముందు వైపు కంటి చోట ఇనుప ఊచలు, లోపల చీకటి. పీట కింద, నేల మీద, పంచె, చొక్కా, తుండుగుడ్డ పరిచి ఉన్నాయి. మనిషి పడుకున్నట్టే, తల ఒక్కటే తక్కువగా పరిచారు. పక్కన ఆకులో పొంగలి. అది వచ్చిన రోజు నుంచి పూటపూటా పెడుతున్నారట.

"కండ్లేవీ?" అన్నాడు మురళి.

మునెయ్య పీటను మెల్లగా తిప్పాడు. తల వెనక భాగానికి అడ్డంగా ఉండే చిన్న పలక మీద రెండు కళ్ళు. పెద్దవి, తడిగా ఉన్నట్టున్నాయి. "ముందర నీ కండ్లు ఉంటాయి కదప్పా. ఎనక చూసేదానికి ఎవురూ లేరు" అన్నాడాయన. మురళి మొహం మారిపోయింది. గోల్‌కీపరు భయమంతా వెనకే. వాడికొక చెడ్డ అలవాటు కూడా ఉంది, గోలు పడితే వెనక్కి తిరిగి వలలో చూస్తాడు. ఎంతమంది కోచ్‌లు తిట్టినా మానలేదు. ఈ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు.

నేను పర్సు తీశాను. "చాలా బాగుంది తాతా. ఇస్తే బయల్దేరతాం, రైలుంది."

"చేతికి ఇయ్యగూడదమ్మా. కండ్లు తెరిచిన తలను చేతికిస్తే ఎవురిదైనా అయిపోతాది. ఒంటి మింద పెట్టాల."

"ఇది ఆటకు పెట్టుకునే మాస్కు తాతా. మొక్కు కాదు. పొరపాటయింది."

"మీకు పొరపాటు. దానికి కాదు కదా" అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు. 

మురళి అప్పటికే చెప్పులు విడిచాడు. ఆ పంచె కట్టుకుని పీట ముందు కూర్చున్నాడు. కుప్పమ్మ వాడి అరికాళ్ళకు పసుపు రాసింది. మునెయ్య మాస్కు రెండు చేతులా ఎత్తి, పేరేమప్పా అని అడిగి, "మురళీ" అని గట్టిగా పిలిచాడు. పిలిస్తే పలకాలి. మావాడు పలకలేదు.  కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. అప్పుడు వెలిగింది నాకు. పేరు పిలిచి తల మీద ఒకటి పెట్టడం కోసం వాడు పద్దెనిమిదో ఏటి నుంచి ఎదురు చూస్తున్నాడు. రెండోసారి పిలిస్తే పలికాడు. మూడోసారి గట్టిగా పలికాడు. తల ఒంటి మీదికి దిగింది.

నేను వాడి వెనక నిలబడి ఉన్నాను. ఆ కళ్ళు నన్నే చూస్తున్నాయి. అవి కదల్లేదు, కదలలేదని ఇప్పటికీ చెప్తాను. కానీ కుప్పమ్మ అడుగుల చప్పుడైనా లేకుండా వచ్చి మజ్జిగ గ్లాసు వాడి వెనక పట్టుకుంటే, మాస్కులో చెవులు మూసుకుపోయి ఉన్న నా తమ్ముడు మెడ తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపి ఆ గ్లాసు అందుకున్నాడు. ఒక్క చుక్క తొణకలేదు. 

"ఇంగ తల తీస్తాను" అన్నాడు మునెయ్య. "తీసినంక ఒళ్ళు దిక్కు తెలీకుండా ఉంటాది. సొంతమోళ్ళే పేరు పెట్టి పిలవాల. ఎప్పుడు తీసినా అంతే. మర్సిపోవద్దు తల్లీ."

తీశాడు. లోపల మా మురళి మొహమే, చెమటతో. కానీ వాడు నన్ను చూసిన చూపు, రైల్లో ఎదురు సీటులో కూర్చున్న మనిషిని చూసే చూపు. "మురళీ" అన్నాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. కుప్పమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. మూడోసారి ఏడుస్తూ పిలిచాను. "ఆఁ, అక్కా. ఏమైంది, ఎందుకేడుస్తావు?" అన్నాడు.

తిరుగు ప్రయాణం సులువు. గుడియాత్తం రైల్వే స్టేషను ఊరికి కొంచెం దూరం, ఆటోకు ముందే బేరం మాట్లాడుకోండి. సాయంత్రం రైలు దొరికింది. మునెయ్య డబ్బు పెయింటు వరకే తీసుకున్నాడు. మాస్కును పైన బెర్తు మీద పెట్టబోతే మురళి వద్దని ఒళ్ళో పెట్టుకుని, దాని కళ్ళు కిటికీ వైపు తిప్పాడు. ఎదురు సీటావిడ కాసేపు చూసి వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది.

శిబిరం చివరి రోజు ఉండేవాళ్ళ పేర్లు చదివారు. మురళి పేరు చదివారు. పెద్ద జట్టుకు కాదు, దాని కింది జట్టుకు, ఒక్క ఏడాదికి. వాడికి అదే పెద్ద పండగ. వల వెనక నుంచి తిప్పి కొట్టిన బిళ్ళను చూడకుండానే పట్టేశాడట, కోచ్ వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూశాడట. నాకు సంతోషమే. ఇన్నేళ్ళు ఎవరికీ పట్టని పిల్లాడు, వాడి పేరు ఒక జట్టు జాబితాలో ఉందంటే ఎవరికి సంతోషం ఉండదు? అయితే ప్రతి ఆట అయ్యాక, ఇక్కడ నాకు తెల్లవారి పాలు పొంగే వేళకు, ఫోను మోగుతుంది. అవతల మాట ఉండదు, ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. నేను మూడుసార్లు పిలుస్తాను. "ఆఁ, అక్కా" అంటాడు. అప్పుడు గెలిచారా ఓడారా అని మాట్లాడుకుంటాం. మొన్న స్నానంలో ఉండి ఫోను ఆలస్యంగా తీశాను. మూడుసార్లు పిలిచినా పలకలేదు. ఎన్నిసార్లు పిలిచానో లెక్క లేదు, పాలన్నీ పొంగిపోయాయి. చివరికి పలికాడు. గొంతు వాడిదే. అక్కా అనడానికి మాత్రం కొంచెం వెతుక్కున్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే మాట. నీళ్ళ సీసా, గొడుగు, చిల్లర ఎలాగూ తీసుకెళ్తారు. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. మీ పేరు పెట్టి పిలిచే మనిషిని వెంట తీసుకెళ్ళండి.