అత్తమ్మ చేతికి అందిన రింగు

ముందే చెప్తున్నాను, నేను చదివింది నాలుగో తరగతి. అదీ పూర్తిగా కాదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వద్దో సరిగా తెలియదు. ఉత్తరం తప్ప ఇంకేదీ రాసిన దాన్ని కాదు. రాత బాగుండదని సిగ్గుగానే ఉంది. అయినా ఈ సంగతి చెప్పకుండా పోతే మనసుకు ఊరట ఉండదని మొదలుపెట్టాను.

మాది కరీంనగర్ జిల్లాలో నేతపని వాళ్ల ఊరు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. నాకు పెళ్లయి రెండేళ్లు. మా అత్తగారింట్లో గుంట మగ్గం ఉండేది. మామ, అత్తమ్మ వంతులేసుకుని నేసేవారు. ఊళ్లో చాలా ఇళ్లలో తాడు గుంజితే నాడె, అంటే అడ్డం నూలు మోసే చెక్క, దానంతటదే ఉరికే మగ్గాలు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం నాడెను చేత్తోనే విసిరేవారు. ఈ చేత్తో విసిరితే ఆ చేత్తో అందుకోవాలి. ఖాళీగా ఉన్న చేత్తో మగ్గం పలకను ఎదకు గుంజి పేక కొట్టాలి, అంటే ఆ అడ్డం పోగును బిగించాలి. అప్పుడు మళ్లీ విసరాలి. అత్తమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి చేసింది ఆ పనే.

మామ దమ్ము జబ్బుతో పోయాడు. మా ఇంటాయన సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి చేరాడు. మగ్గం విప్పేసి గుంట పూడ్చేశారు. ఆ రోజు నుంచి అత్తమ్మ పెరటి గడపలో కూర్చుండిపోయింది. పిలిస్తే పలికేది కాదు. పళ్లెం ముందు పెడితే రెండు ముద్దలు తిని జరిపేసేది. చేతి గాజులు పోయిన మణికట్టు రోజురోజుకూ సన్నబడుతోంది. చిన్నప్పుడే తల్లి పోయిన నాకు తల్లంటే ఆమే. మామ వెనకే ఈమె కూడా పోతుందేమోనని లోపల ఒకటే భయం.

మా పెరటి వెనక పెద్ద ఖాళీ జాగ ఉండేది. పూర్వం అక్కడ తెల్లవారుజామున పడుగు నూలు సాగదీసి గంజి పెట్టేవారు. సాంచెలు వచ్చాక ఆ పని తగ్గి జాగ ఊరికే పడి ఉంది. కరీంనగర్ నుంచి ఒక సేవా సంఘం వాళ్లు మా వాడకు వచ్చేవారు. జీతం లేని పని వాళ్లది. మొదట దగ్గుకు, నడుం నొప్పికి మందులిచ్చారు. వాళ్లలో ఒకామెను మేం టీచరమ్మ అనేవాళ్లం. చీకటి గదుల్లో వంగి నూలు కండెలు చుట్టే ఆడవాళ్లకు మందుకన్నా గాలీ ఆటా ముఖ్యమని ఆమే అంది. పెద్దలను ఒప్పించి, ఆ జాగకు మూడు వైపులా కందికట్టె తడక కట్టించింది. నాలుగో వైపు మా పెరటి గోడ, అత్తమ్మ కూర్చునే గడప అందులోనే. పొద్దు గుంకేముందు ఒక గంట ఆడవాళ్లకే. పడుగులు కట్టే గుంజలకే అడ్డంగా తాడు కట్టి, ఒక రబ్బరు రింగు ఇచ్చింది.

పెళ్లయిన ఆడవాళ్లు ఉరకడం నేను చూసింది అదే మొదటిసారి. ముస్లిం ఇళ్ల వాళ్లు బురఖాలు తీసి తడక మీద వేసి వచ్చేవారు. నలుగురు పిల్లల తల్లి ఒకామె కొంగు నడుముకు చుట్టి ఉరికి, రింగు పట్టి, ఇది నా చెయ్యేనా అన్నట్టు తన చేతినే చూసుకుంది. నేనూ నోరు తెరుచుకుని చూశాను.

ఒక చేత్తో పట్టాలి, ఆ చేత్తోనే వెంటనే తాడు మీదుగా వెయ్యాలి. ఆగితే తప్పు, టీచరమ్మ ఈల వేసేది.

ఒకరోజు నేను రింగు వదిలేశాను. అది నా భుజం పక్కనుంచి మా గడప వైపు దూసుకుపోయింది. అత్తమ్మ లేవలేదు, తల కూడా తిప్పలేదు. ఎడమచెయ్యి లేచింది, రింగు అందులో ఉంది. ఆడేవాళ్లంతా ఆగి అటు తిరిగారు.

అందరికన్నా ముందు, ఆట చూడ్డానికి వచ్చిన మా మామ అక్క నోరు తెరిచింది. నేనామెను పెద్దత్త అనేదాన్ని.

"నా తమ్ముడు పోయి ఏడాదన్న తిరగలే. నీకు గిప్పుడు ఆటలు గావాల్నా?"

"నేను రాలే వదినా, అదే వచ్చింది. చేతులు ఊకుంటలేవు. ఏం జేయమంటవ్?"

ఎన్నో నెలల తర్వాత నేను విన్న అత్తమ్మ మాట అది.

టీచరమ్మ దగ్గరకు వచ్చి, ఒక్కసారి లేచి నిలబడమని బతిమాలింది. అత్తమ్మ గడప దిగింది. రింగు వచ్చింది. పట్టింది. ఖాళీ చెయ్యి గాలిలోంచి దేన్నో గుంజినట్టు ఎదకు వచ్చింది. అప్పుడు గాని విసరలేదు. ఈల మోగింది. మళ్లీ వేశారు, మళ్లీ అంతే. ఏ పక్కకు వేసినా ఆమె చెయ్యి ముందే అక్కడుండేది. ప్రతిసారీ రెండో చెయ్యి ఎదకు వచ్చేది, ప్రతిసారీ ఈల మోగేది.

"ఆగొద్దవ్వా, పట్టంగనే ఎయ్యాలె" అంది టీచరమ్మ.

అత్తమ్మ రింగు కింద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుని గడప వైపు తిరిగింది. ఈసారి కూర్చుంటే ఇక లేవదని నాకు తెలుసు. పెద్దత్త ముందు నోరు విప్పే ధైర్యం లేక అట్లాగే నిలబడ్డాను.

పెద్దత్తే అంది. "పేక కొట్టకుంట నాడె ఇసురుతరా టీచరమ్మా? గా చెయ్యి ఎదకు రాకుంటే గీ చెయ్యి ఎట్ల లేస్తది?"

అత్తమ్మ చేతులు ఇంకా నేస్తున్నాయని మా వాడ ఆడవాళ్లకు వెంటనే తెలిసిపోయింది. కొందరు నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేతపని ఎరగని టీచరమ్మకు ఒకామె చేతులు ఆడించి చూపించింది. టీచరమ్మ అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు చూసి, మెడలోని ఈల తీసి కొంగున కట్టేసింది.

"అయితే కొట్టే ఎయ్యి అవ్వా" అంది.

పెద్దత్త వెళ్లి అత్తమ్మ కూర్చునే గడపలో తాను కూర్చుంది. అత్తమ్మకు తిరిగిపోవడానికి చోటు లేకుండా పోయింది. వెలుగు ఉన్నంతసేపు ఆడింది. ఒక్క రింగు కింద పడనివ్వలేదు. నేను ఎన్నో జాతరలు చూశాను, పెద్ద పెద్ద రథాలు చూశాను. అంత వింత మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇంట్లోకి వచ్చి కాళ్లు కడుక్కుని, "బిడ్డా, ఆకలైతుంది. ఏమన్న ఉన్నదా?" అంది. జొన్న గట్క, పచ్చిపులుసు పెట్టాను. తిని, పళ్లెం మళ్లీ నా వైపు జరిపింది, ఇంకా పెట్టమని.

నాకు రాయడం వచ్చింది ఇంతే. ఒత్తులు తప్పిన చోట మీరే దిద్దుకుని చదవండి, ముసలిదాని తప్పులు మనసులో పెట్టుకోకండి.