పక్క తెరలు వెలుగుతూనే ఉన్నాయి

ఆ ఆదివారం సాయంత్రం నేను పాపికొండల మధ్య, గోదావరి నీటికి అరవై అడుగుల ఎత్తులో ఎగురుతున్నాను. నిజమైన విమానంలో కాదు. చిల్కానగర్‌లో నేనుండే అద్దె ఇంటి మేడమీద, మా అమ్మ గదిలో, మూడు స్క్రీన్లున్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఫ్లైట్ సిమ్యులేటర్‌లో. వేగం రెండు వందల నాట్లు, అంటే గంటకు మూడు వందల డెబ్భై కిలోమీటర్లు అని చూపిస్తోంది. కానీ విమానం గాల్లో ఆగిపోయినట్టుంది. పక్క స్క్రీన్లు ఆగిపోయాయేమో అనుకుని తల ఎడమవైపు తిప్పాను. ఎడమ స్క్రీన్ వెలుగుతూనే ఉంది, అందులో కొండ దూసుకుపోతోంది. కుడివైపు చూశాను. అదీ వెలుగుతోంది. మళ్లీ ఎదురుగా చూడగానే రెండూ మాయమయ్యాయి.

నా పేరు కరుణ. వయసు నలభై మూడు. నాచారంలో ఇంజక్షన్ మందులు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తాను. నిండిన సీసాలను లైటు ముందు పట్టుకుని, లోపల నలుసు గాని వెంట్రుక గాని ఉందేమో చూడటం నా పని. ఏటా కంపెనీవాళ్లు కంటి పరీక్ష చేయిస్తారు. చార్టులో ఆఖరి వరుస దాకా చదివేస్తాను. అందుకే నా కళ్ల మీద నాకు గర్వం కూడా ఉండేది.

పెళ్లి చేసుకోలేదు. నేనూ అమ్మా ఉండేవాళ్లం. అమ్మ పోయాక ఆమె గది తలుపు మూసి ఉంటే చూడలేకపోయాను. మంచం తీసేసి అక్కడ బల్ల వేసి కంప్యూటర్ పెట్టాను. తర్వాత ఇంకో రెండు స్క్రీన్లు కొని, చెంపలకు దగ్గరగా, చెరోపక్కా నిలబెట్టాను. తక్కువ ఎత్తులో ఎగిరే మజా అంతా పక్కల్లోనే ఉంటుంది. పదివేల అడుగుల పైన ఏదీ కదలదు. యాభై అడుగులకు దిగితే చెట్లు, గట్లు, కరెంటు తీగలు రెండు వైపులనుంచీ మీదికొచ్చి వెనక్కి పారిపోతాయి. అరచేతుల్లో చెమటలు పడతాయి, ఊపిరి బిగబట్టుకుంటాం. ఒక్క క్షణం ఆలస్యమైతే కొండకు గుద్దుకుంటాం. ఆ కాసేపూ ఇంట్లో ఇంకెవరూ లేరన్న సంగతి గుర్తుండదు. ఈ అలవాటు గురించి నేనెవరికీ చెప్పలేదు. నలభై దాటిన ఆడమనిషి చెబితే నవ్వుతారనిపించేది.

ఆ రోజు తప్పు కేబుల్‌దే అనుకున్నాను. కొత్తది తెచ్చాను. తర్వాత సెట్టింగులన్నీ మార్చి చూశాను. పది రోజుల్లో ఎన్నిసార్లు కొండలకు గుద్దుకున్నానో లెక్కలేదు. ఇంతలో ఇంట్లో కూడా భుజం గుమ్మాలకు తగలడం మొదలైంది. నాచారం చౌరస్తాలో రోడ్డు దాటుతుంటే పక్కనుంచి ఆటో వచ్చి నన్ను రాసుకుంటూ ఆగింది.

"గింత పెద్ద బండి కనబడ్తలేదా అమ్మా?" అని డ్రైవర్ కేకలేశాడు.

నిజంగానే కనబడలేదు.

కళ్లజోడు మార్పించినా లాభం లేకపోయింది. చివరికి ఉప్పల్‌లో ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. పక్కలకు చూపు ఎంతవరకు ఆనుతుందో చూసే ఫీల్డ్ టెస్ట్ రాసింది ఆమె. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, చుక్కలా లైటు వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. కాసేపటికి టెక్నీషియన్ అమ్మాయి, "మేడమ్, నిద్రొస్తుందా? లైట్ కనబడంగనే నొక్కుండ్రి" అంది.

"నొక్కుతూనే ఉన్నానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి పరీక్ష మళ్లీ మొదటినుంచి పెట్టింది.

రిపోర్టులో ఎడమ కంటికి ఎడమ సగం, కుడి కంటికి కుడి సగం నల్లగా ఉన్నాయి. డాక్టరు వాటిని చాలాసేపు చూసి, "పీరియడ్స్ సరిగా వస్తున్నాయా?" అని అడిగింది. కంటి డాక్టరు ఇదెందుకు అడుగుతుందా అని ఆశ్చర్యపోయాను. ఏడాదిగా రావడం లేదు, వయసు వల్లేమో అనుకున్నానని చెప్పాను.

"రెండు కళ్లు తెరిచి ఉన్నప్పుడు ఒకదాని లోటును ఇంకోటి కప్పేస్తుంది. బాగా పక్కకు ఉన్నవే మిస్సవుతాయి. చాలామంది లేటుగా వస్తారు. మీరెట్ల గుర్తుపట్టిన్రు?"

అప్పుడు మొదటిసారి ఒక మనిషికి నా విమానాల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఎంత ఎత్తుల పోతారు?" అని అడిగింది. అరవై అడుగులన్నాను. "అమ్మో" అని ఎంఆర్ఐ రాసిచ్చింది.

పిట్యూటరీ మాక్రోఅడినోమా అని తేలింది. మెదడు కింద ఉండి, నెలసరిని నడిపే హార్మోన్లు కూడా చేసే చిన్న గ్రంథిలో గడ్డ. అది పెరిగి రెండు కళ్ల నరాలు కలిసేచోట కిందినుంచి నొక్కుతోంది. "క్యాన్సర్ కాదు. కానీ ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదు. ముక్కులోంచి ఎండోస్కోప్ పంపి తీసేస్తాం" అని న్యూరోసర్జన్ చెప్పాడు. ఆ తర్వాత కౌంటర్ దగ్గర నర్సు ఫారం తీసి, "అటెండెంట్ ఎవరు?" అని అడిగింది. గడ్డ ఉందన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అడ్మిషన్ రోజు బ్యాగు పట్టుకుని మెట్లు దిగుతుంటే కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు బాలమణి అక్క వాకిట్లో కనబడింది. వాళ్లది పాత ఉప్పల్ కుటుంబం. ఆరేళ్లలో మా మధ్య కిరాయి, నీళ్ల మోటరు తప్ప వేరే మాటల్లేవు. ఒకసారి మాత్రం, "మీదికెల్లి బుర్రుమని సప్పుడొస్తది, ఏం మిషన్ నడిపిస్తున్నవ్?" అని అడిగింది. మిక్సీ అని అబద్ధమాడాను.

"ఊరికి పోతున్నవా చెల్లె?"

"లేదక్కా, దవాఖానాకు. ఆపరేషన్."

"ఎవలొస్తున్రు నీ ఎంట?"

నేను బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "జర ఆగు, చీర మార్చుకొని వస్త" అంది.

ఫారంలో ఆమే సంతకం చేసింది. సంబంధం అన్నచోట ఏం రాయాలని నర్సు అడిగితే, "అక్క అని రాయి" అంది.

ఆపరేషన్ అయిన రెండో రోజు, ఎదురుగా గోడ చూస్తూ పడుకున్నప్పుడు ఎడమపక్క ఏదో పచ్చగా కదిలింది. కర్టెన్. తల తిప్పకుండానే కనబడింది. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ దాన్నే చూస్తూ ఉన్నాను.

ఇంటికి పంపేటప్పుడు సర్జన్ గట్టిగా చెప్పాడు: "ముక్కు చీదొద్దు, బరువులెత్తొద్దు, వంగొద్దు." తొమ్మిది రోజులు అలాగే ఉన్నాను. బాలమణి అక్క పొద్దున, సాయంత్రం గిన్నెలో అన్నం తెచ్చిపెట్టి వెళ్లేది. మిగతా రోజంతా ఫ్యాను చప్పుడే. పదో రోజు మధ్యాహ్నం ఆగలేకపోయాను. పక్కలు తిరిగొచ్చాయో లేదో ఒక్కసారి ఎగిరి చూసుకోవాలనిపించింది. ప్లగ్ పెట్టడానికి బల్లకిందికి వంగాను. ముక్కులోంచి నీళ్లలా చుక్కలు మణికట్టు మీద పడ్డాయి. గొంతులో ఉప్పగా తగిలింది.

సీఎస్ఎఫ్ లీక్. మెదడు చుట్టూ ఉండే నీరు కారుతోందన్నమాట. మళ్లీ అడ్మిట్ చేసి, ఆ నీటి ఒత్తిడి తగ్గడానికి నడుములో సన్నటి ట్యూబు పెట్టి, ఐదు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. "ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణానికే ప్రమాదం. వంగొద్దని చెప్పినం కదా, ఎందుకు వంగిన్రు?" అని డాక్టరు కోప్పడ్డాడు. సిగ్గేసి మొహం గోడవైపు తిప్పుకున్నాను. పక్కన కూర్చున్న బాలమణి అక్కకు మాత్రం ఆ రాత్రే అంతా చెప్పేశాను, మిక్సీ అబద్ధంతో సహా.

"గందుకా గంత సప్పుడు!" అని పడీపడీ నవ్వింది. తర్వాత మెల్లగా అంది, "ఒక్కదానివే ఎగురుడేంది చెల్లె, నన్ను పిలువకపోతివా?"

లీకు ఆగింది. ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఎడమ కన్ను దాదాపు పూర్తిగా బాగుపడింది. కుడి కంటిలో పై మూల చూపు రాలేదు, ఇక రాదన్నారు. ఆ గ్రంథి పని తగ్గింది కాబట్టి, లోటైన హార్మోనుకు బదులు రోజూ పొద్దున హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకోవాలి. ఏడాదికోసారి ఎంఆర్ఐ. ఉద్యోగం అదే. విమానం కూడా నడుపుతున్నాను, కానీ మూడు వందల అడుగులకంటే కిందికి దిగితే కుడివైపు చెట్లకు గుద్దుకుంటున్నాను. అందుకని పైపైనే పోతాను. వెనకటి ఆ ఒళ్లు జలదరింపు రావడం లేదు. అది పోయిందని ఒప్పుకోవడానికి చూపు పోయిందని ఒప్పుకున్న దానికంటే ఎక్కువ కాలం పట్టింది. బాలమణి అక్క అప్పుడప్పుడు పైకొచ్చి పక్కన కూర్చుని ఉప్పల్ మీదికి పోనిమ్మంటుంది. "ఇగో గీ మెట్రో టేషన్ కాడనే మా జొన్నచేను ఉండె" అని వేలు పెట్టి చూపిస్తుంది. ఆమె వెళ్లిపోయాక గది మునుపటికంటే ఖాళీగా అనిపిస్తుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. గుమ్మాలకు భుజాలు తగులుతుంటే కళ్లజోడు మార్చి ఊరుకోకండి. ఒక కన్ను అరచేత్తో మూసుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి ముక్కునే చూడండి. వాళ్లను చేతులు పక్కలకు చాపి వేళ్లు కదిలించమనండి. తర్వాత రెండో కన్ను. కదలిక కనబడకపోతే వెంటనే డాక్టరును ఫీల్డ్ టెస్ట్ అడగండి. ఈ పరీక్ష అద్దం ముందు ఒంటరిగా చేసుకోవడం కుదరదు, నేను ప్రయత్నించాను. ఎదురుగా ఒక మనిషి ఉండాలి. మీకెవరూ లేకపోతే మొహమాటపడకుండా కిందింటి తలుపు కొట్టండి.